లక్క తవా మీద తవాయిఫ్ ఆవాజ్

అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడయ్యాయి. సీడీలు 3 కోట్ల 30 లక్షలే. సీడీని రికార్డు దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. కొంటున్నవాళ్ళంతా గుజరా హువా జమానాను తలచుకునే బుజుర్గులేం కారు. ఫోన్లో పుట్టి ఫోన్లో పెరిగిన నౌజవాన్లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఏడాదిలో రికార్డు కొన్నవాళ్ళలో సగం మంది దగ్గరే దాన్ని మోగించే ప్లేయర్ ఉందని 2023లో ల్యూమినేట్ సర్వే చెప్పింది. దీన్ని మజాక్ చేసేవాళ్ళు చాలామంది. నాకైతే హైరత్ ఏమీ లేదు. చదవని కితాబులు అల్మారాలో పెట్టుకోవడం మన ఘరానాల్లో లేని రివాజా?

నాకున్న సవాల్ వేరే. ఈ షౌక్ ఏ ఆవాజులను తిరిగి తెస్తోంది, వేటిని కబాడీ బండిలోనే వదిలేస్తోంది?

కహానీ లక్కతో మొదలవుతుంది. వినైల్ రాకముందు, దాదాపు యాభై ఏళ్ళు, రికార్డు అంటే లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే గూడు నుంచి తీసిన లక్కను కరిగించి, రాతిపొడి, మసి, కొంత నూలు పీచు కలిపి, వేడిగా ఉన్నప్పుడే అచ్చులో నొక్కేవారు. దునియాకు కావాల్సిన లక్కలో ఎక్కువ భాగం మన ముల్క్ నుంచే, అందులోనూ ఛోటా నాగపూర్ అడవుల నుంచే వెళ్ళేది. లాడ్ బజార్‌లో కారీగర్లు నిప్పుల మీద వేడిచేసి, గాజుగా చుట్టి, అద్దాలు పొదిగే లక్క ఉంది చూడండి, అదే. పెళ్ళికూతురి చేతికెక్కే చీజ్, గొంతును మోసే చీజ్, రెండూ ఒకే పురుగు మెహనత్. తెలుగువాళ్ళు దాన్ని గ్రామఫోను ప్లేటు అన్నారు. పంజాబ్ వైపు తవా అన్నారు. నాకు తవా అన్న మాటే పసంద్.

1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికన్ కలకత్తాలో దిగాడు. మైకు లేదు, కరెంటు లేదు. పెద్ద కొమ్ము బూరలోకి ముఖం పెట్టి బిగ్గరగా పాడాలి, ఆ కంపనాలు మైనపు పలక మీద గీతలవుతాయి. ఒక వైపు మూడు నిమిషాలు దాటదు. గంటన్నర ఆలాప్ చేసే ఉస్తాద్‌కి ఇది తౌహీన్‌లాగే అనిపించి ఉంటుంది. పెద్ద ఉస్తాదుల్లో చాలామంది ఆ మొదటి రోజుల్లో ముందుకు రాలేదు. వచ్చింది తవాయిఫ్‌లు.

వాళ్ళలో గౌహర్ జాన్ ఒకరు. 1873లో ఆజంగఢ్‌లో ఏంజెలినా యోవార్డ్‌గా పుట్టింది. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి బనారస్‌లో ఇస్లాం కుబూల్ చేసి మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ జాన్ అయింది. ఠుమ్రీని, ఖయాల్‌ని మూడు నిమిషాల్లోకి ఎలా కుదించాలో హిందుస్తాన్‌కి చూపించింది ఆమే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ తాన్‌తో ముగించాలి అన్న హిసాబ్ ఆమెకు బూర ముందు నిలబడి ఎవరూ నేర్పలేదు. పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. నఖ్రా అనుకుంటారు కొందరు. కాదు. రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ గొంతు ఎవరిదో అక్కడి కార్మికులకు తెలియాలి కదా, లేబుల్ మీద పేరు వేయడానికి! అంటే మన అడవిలో పుట్టిన లక్క సముందర్ దాటి వెళ్ళి, మన ఔరత్ గొంతును మోసుకుని మళ్ళీ కలకత్తా బజారుకి వచ్చేది. 1908లో సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో కార్ఖానాలు పెట్టాక ఆ సఫర్ ఆగింది.

గౌహర్ జాన్, అలహాబాద్ జానకీ బాయి, ఆగ్రా జొహ్రా బాయి, వీళ్ళ గానం అంతవరకూ నవాబుల, రయీసుల మెహ్ఫిల్ దాటలేదు. తవా వచ్చాక కోఠా మెట్లెక్కని షరీఫ్ ఇంట్లో కూడా వాళ్ళ ఆవాజ్ మోగింది. మనుషులకు మాత్రం ఆ ఇంటి దర్వాజా తెరుచుకోలేదు. గౌహర్ జాన్ 1930లో మైసూరులో ఇంతఖాల్ అయింది.

ఉలమా ముందు కూడా కొత్త మస్‌అలా వచ్చిపడింది. పాటల సంగతి అటుంచండి, ఖుర్ఆన్ తిలావత్‌నే రికార్డు చేస్తే? డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే 1900లోనే ఇస్లాం, ఫోనోగ్రాఫ్ గురించి రాశాడంటే బహస్ ఎంత త్వరగా మొదలైందో చూడండి. సజ్దా ఆయత్ యంత్రంలోంచి వినిపిస్తే సజ్దా వాజిబ్ అవుతుందా? కాదు, అది కొండ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని లాంటిది అన్నారు హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది. రికార్డులో ఉన్నది మనిషా, మనిషి నీడా అన్న ఫిక్ర్‌ని ఇంతకంటే సాఫ్‌గా అడిగినవాళ్ళను నేను చూడలేదు.

లేబుల్ మీది పేర్లు కూడా ఎప్పుడూ సచ్ చెప్పవు. బెంగాల్‌లో శ్యామా సంగీత్ పాడి ఇంటింటికీ చేరిన కె. మల్లిక్ అసలు పేరు మున్షీ మహమ్మద్ ఖాసిం. కాళీమాత పాట ముస్లిం పేరుతో అమ్ముడుపోదని కంపెనీ లెక్క. తర్వాత కాజీ నజ్రుల్ ఇస్లాం ఇస్లామీ గీతాలు రాసి, అబ్బాసుద్దీన్ పాడి, అవి ఖూబ్ అమ్ముడయ్యాక గాలి అటూ తిరిగింది. హిందూ గాయకులు ముస్లిం పేర్లు పెట్టుకుని పాడారు. తిజారత్ తన లాభం కోసం ఇద్దరి చేతా ముసుగు వేయించింది. ఆ ముసుగుల వెనుక గొంతులు మాత్రం ఒకరి ఇబాదత్‌ని ఇంకొకరు మనస్ఫూర్తిగా పాడాయి.

వినైల్ సంగతి త్వరగా చెప్తాను. రెండో జంగ్‌లో లక్క దొరకడం కష్టమై, అమెరికా సైనికుల కోసం రికార్డులను వినైల్ మీద చేశారు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చింది. మన దగ్గర 78 చుట్ల తవా ఇంకా చాలా ఏళ్ళు నడిచింది, బీటిల్స్ పాటలు కూడా దాని మీద వచ్చాయి. ఎల్పీలో ఒక వైపు ఇరవై నిమిషాలు దొరికేసరికి ఖవ్వాలీకి ఊపిరి వచ్చింది. హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ ఇచ్చారు. 1975లో షోలే మాటలనే రికార్డుగా వేస్తే జనం కొన్నారు. తర్వాత కేసెట్ వచ్చింది, తవా దౌర్ ఖతం.

ఇప్పుడు తిరిగొస్తున్నది ఈ రెండో దౌరే. 1990లో రికార్డు చేసి గోదాములో మరిచిపోయిన నుస్రత్ ఫతే అలీ ఖాన్ టేపులు 2024లో చెయిన్ ఆఫ్ లైట్‌గా విడుదలైతే, ఆయన పోయాక పుట్టిన పిల్లలు ఆ ఎల్పీని ఇంటికి తెచ్చుకున్నారు. అదే ఏడాది ముంబై ప్రాంతంలో కొత్త ప్రెస్సింగ్ కార్ఖానా కూడా మొదలైంది. ఖుషీ విషయమే. కానీ కొత్త ప్లేయర్లలో చాలావాటికి 78 వేగమే లేదు. ఉన్నా, పాత తవా గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున దొర్లుతుంది, చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. అందుకే నౌజవాన్ చేతికి నుస్రత్ వస్తున్నాడు, జొహ్రా బాయి రావడం లేదు. నాటకాల పద్యాల ప్లేట్లదీ అదే హాల్. కంపెనీలు వాటిని మళ్ళీ అచ్చువేయవు, గిరాకీ లేదంటాయి. ముంబైలో 1990లో మొదలైన రికార్డు కలెక్టర్ల సొసైటీ లాంటివాళ్ళ షౌక్ లేకపోతే ఈ ఖజానాలో మనకు మిగిలేది ఇంకా తక్కువ. జుమ్మేరాత్ బజార్‌లో, చోర్ బజార్‌లో తవాలు ఇప్పటికీ కుప్పల్లో కనిపిస్తాయి. బరువు మీద అడుగుతారు, పేరు మీద కాదు.

మీ నానీ, దాదీ ట్రంకు పెట్టెలో అలాంటిది ఒకటుంటే పడుకోబెట్టకండి, పుస్తకంలా నిలబెట్టండి. జారితే పింగాణీలా పగులుతుంది. దుమ్ముంటే కాస్త తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, దాంతోపాటు పాట కూడా. లేబుల్ మీద పేరు, నంబరు రెండూ ఫోటో తీసి పెట్టుకోండి. పేరు చదవలేకపోతే చివరిదాకా మోగించి వినండి, 1902 దౌర్ తవా అయితే ఆమే చెప్తుంది.