ద్రావణి మారితే వరుస మారుతుంది

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో తర్రెం అనే ఊరు ఉంది. బస్తర్‌కు మలేరియా పాత శత్రువు. అక్కడి రోగి చేతికి అందిన మాత్రలో మందు సరిపడా ఉందా, మలినాలు ఉన్నాయా అన్నది కంటికి కనిపించదు. అది దూరాన ఉన్న ప్రయోగశాలలో తేలాలి. అక్కడ విరివిగా వాడే పద్ధతి విపర్యయ ప్రావస్థ ద్రవ క్రోమటోగ్రఫీ. ఈ పద్ధతి ఎలా పుట్టిందో, ఇందులో ద్రావణి పాత్ర ఏమిటో తెలుసుకుందాం.

సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల రంగులను వేరుచేసిన రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెత్, 1906లో ఈ పద్ధతికి క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. 1941లో ఇంగ్లండులో మార్టిన్, సింజ్‌లు సిలికాపై నీటిని నిలిపి, దాని మీదుగా క్లోరోఫారం పారించారు. వారికి 1952లో నోబెల్ బహుమతి లభించింది. ఈలోగా 1950లో హోవర్డ్, మార్టిన్‌లు ఈ ఏర్పాటును తలకిందులు చేశారు. గొట్టంలోని పొడిని నీరు అంటకుండా మార్చి, నీరు కలిసిన ద్రావణిని పంపారు. 'విపర్యయం' అంటే ఇదే.

నేడు సిలికా రేణువులకు సాధారణంగా 18 కార్బన్ల గొలుసులు అతికిస్తారు. వాటిది నూనె స్వభావం. పారే ద్రవంలో నీరు ఎక్కువైతే, నీటితో పొసగని అణువులు గొలుసులను పట్టుకుని ఆలస్యంగా వస్తాయి. మిథనాల్ గానీ ఎసిటోనైట్రైల్ గానీ పెంచితే త్వరగా వస్తాయి. వీటి వాటాను 10 శాతం పెంచితే, చిన్న అణువులు గొలుసుల వద్ద గడిపే కాలం సుమారు రెండు మూడు రెట్లు తగ్గుతుంది.

మరి ఈ రెండు ద్రావణులూ ఒకటేనా? కాదు. అదే శాతంలో ఎసిటోనైట్రైల్ ఎక్కువ బలమైనది. పైగా మిథనాల్ తన హైడ్రోజన్‌తో కొన్ని అణువులకు బంధం కలుపుతుంది. ఎసిటోనైట్రైల్‌కు ఆ శక్తి దాదాపు లేదు. అందుకే పదార్థాలు బయటికొచ్చే వరుసే మారిపోవచ్చు.

2008లో ఈ తేడా విలువ తెలిసివచ్చింది. ఎసిటోనైట్రైల్ ప్రధానంగా ఎక్రిలోనైట్రైల్ తయారీలో ఉపఉత్పత్తి. ఆర్థిక మాంద్యంలో ఎక్రిలోనైట్రైల్‌కు గిరాకీ పడిపోగానే ఎసిటోనైట్రైల్‌కు ప్రపంచమంతటా కొరత వచ్చింది. మందుల పరిశ్రమకు నిలయమైన హైదరాబాద్ వంటి నగరాలకు ఇది చిన్న విషయం కాదు. మిథనాల్ చవకే. కానీ ఒకదాని బదులు మరొకటి పోసేస్తే సరిపోదు. మలినం తాలూకు శిఖరం మందు శిఖరం కింద దాగితే, కల్మషమున్న మాత్ర కూడా శుద్ధమైనదిగా కనిపిస్తుంది. కనుక ద్రావణి మార్చినప్పుడు పరీక్షా పద్ధతిని మళ్లీ మొదటినుంచి సరిచూడాలి.

ద్రావణి కేవలం మోసుకొచ్చే వాహనం కాదు, తీర్పులో అదీ భాగస్వామే. తర్రెంలో మాత్ర మింగే మనిషికి ఆ తీర్పును సరిచూసుకునే మార్గం లేదు. ఆ బాధ్యత ప్రయోగశాలలో ఉన్నవారిదే. రేపు అక్కడ నిలబడేది మీరే కావచ్చు.