దురియన్

దురియన్ (శాస్త్రీయ నామము: డ్యూరియో జిబెథినస్) ఆగ్నేయాసియా వర్షారణ్యములలో పెరిగే ఒక మహావృక్షము. దీని జన్మస్థానము బోర్నియో, సుమత్రా దీవులు. మలయ్ భాషలో 'దురి' అనగా ముల్లు. దాని నుండే ఈ పేరు వచ్చినది. పూర్వము దీనిని బూరుగ కుటుంబమైన బొంబకేసిలో ఉంచెడివారు. ఇప్పుడు ఆ కుటుంబము మాల్వేసిలో కలిసినది. కావున పత్తి, బెండ, గోంగూర దీనికి దూరపు బంధువులే.

ముళ్ళను చూసి మనవారు దీనిని పనస జాతి అనుకొనుట కద్దు. అది సరికాదు. పనస అనేక పుష్పములు కలిసి ఏర్పడిన ఫలము. దురియన్ ఒకే పుష్పము నుండి ఏర్పడే గుళిక. పండినపుడు సాధారణముగా ఐదు భాగములుగా పగులును.

లక్షణాలు

అడవిలో చెట్టు 25 నుండి 50 మీటర్ల ఎత్తు పెరుగును. పండు 1 నుండి 3 కిలోల బరువు, 30 సెంటీమీటర్ల వరకు పొడవు ఉండును. విత్తనములను చుట్టియున్న మీగడ వంటి పసుపుపచ్చని గుజ్జు తినే భాగము. ఘాటైన వాసనకు ముఖ్య కారణము గంధక సమ్మేళనములు. 2017లో ఈ చెట్టు జన్యుపటమును ప్రకటించిన శాస్త్రవేత్తలు, గంధక వాయువుల తయారీకి తోడ్పడే జన్యువులు ఇందులో అధికముగా ఉన్నట్లు గుర్తించిరి. జిబెథినస్ అను జాతి నామము కూడ పునుగు పిల్లిని సూచించునదే.

పరాగ సంపర్కము

ఈ వృక్షము జీవితములో అత్యంత ఆసక్తికరమైన విషయము ఇది. లావుపాటి కొమ్మల నుండి గుత్తులుగా వ్రేలాడే తెల్లని పూలు సాయంకాలము విచ్చుకొని, ఆ రాత్రే రేకులను, కేసరములను రాల్చివేయును. అనేక రకములలో ఒక చెట్టు పుప్పొడి అదే చెట్టు పూలకు సరిగా పనికిరాదు. మరొక చెట్టు నుండి దానిని తెచ్చేవి ముఖ్యముగా గబ్బిలములు. వీటిలో ప్రధానమైనది ఇయోనిక్టెరిస్ స్పీలియా అను గుహవాసి. మురుగన్ ఆలయముతో ప్రసిద్ధి చెందిన, కౌలాలంపూర్ సమీపాన గల బాతు గుహలు దీని నివాసములలో ఒకటి. టియోమన్ ద్వీపములో పెద్ద గబ్బిలములు కూడ ఈ పని చేయుచున్నట్లు 2017లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. పండ్లు తినిపోవునని రైతులు వీటిని శత్రువులుగా చూచుట విచారకరము.

దురియన్ ఏడాదిలో కొద్ది వారములు మాత్రమే పూయును. మిగిలిన కాలమంతా గబ్బిలములకు అడవి పూలు, సముద్రతీరపు మడ చెట్ల మకరందము ఆధారము. అందువలన సున్నపురాయి కొరకు గుహల కొండలను తవ్వినను, మడ అడవులను నరికినను, మాంసము కొరకు గబ్బిలములను వేటాడినను ఎక్కడో ఉన్న తోటలో కాపు తగ్గే ప్రమాదము కలదు. థాయిలాండులో అనేకమంది రైతులు రాత్రివేళ కుంచెలతో స్వయముగా పుప్పొడి అద్దుచున్నారు.

ఉపయోగాలు

ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మొదట వాసనకు వెనుదీసి, తరువాత బోర్నియోలో నేల రాలిన పండును రుచి చూసి దీనికి పరమ భక్తుడైనాడు. సింగపూరు మెట్రో రైళ్ళలో ఈ పండును తీసుకొనిపోరాదు. అయినను గిరాకీ తగ్గలేదు. 2023లో ఒక్క చైనాయే 14 లక్షల టన్నులకు పైగా దిగుమతి చేసుకొన్నది. మలేషియాలో పండి రాలిన కాయలను ఏరుదురు. థాయిలాండులో చెట్టుపైనే కోయుదురు. భారతదేశములో నీలగిరి దారిలోని కల్లార్, బర్లియార్ తోటలలో ఈ చెట్లను చూడవచ్చును.