ఖాజాగూడలో కిందికి వేలాడే ఆ చెట్టు అశోక కాదు: నరమామిడి కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక ఫోటో. ఖాజాగూడలో ఈ మధ్యే అద్దెకి దిగిన ఒక వ్యూయర్ పంపారు. కాంపౌండ్ వాల్ వెంబడి వరసగా చెట్లు, ఒక్కోటి మూడో ఫ్లోర్ దాకా ఉంది, కానీ వెడల్పు మాత్రం మన చేతులు చాపినంత కూడా లేదు. కొమ్మలన్నీ కాండానికి అతుక్కుని నేల వైపు వేలాడుతున్నాయి. ఆకులు పొడుగ్గా, మెరుస్తూ, అంచులు అలల్లాగా ఉన్నాయి. ఆవిడ రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, "ఈ ఏడుస్తున్నట్టుండే చెట్టు పేరేంటి?" రెండోది, "మా అత్తమ్మ ఇది అశోక చెట్టు, బెరడు కాచి తాగితే నెలసరి ఇబ్బందులకి మంచిదంటోంది, నిజమేనా?"

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. రెండోదానికి మాత్రం రెండు వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళి రావాలి.

పేరు నరమామిడి. ఆకు కాస్త మామిడాకులా ఉంటుంది కాబట్టి పేరులో మామిడి ఉంది, కానీ మామిడికీ దీనికీ చుట్టరికం లేదు. బాటనీ వాళ్ళ పేరు మోనూన్ లాంగిఫోలియం. పాత పుస్తకాల్లో పాలియాల్తియా లాంగిఫోలియా అని ఉంటుంది. గూగుల్ లెన్స్ పెడితే రెండిట్లో ఏదో ఒకటి వస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. నర్సరీలో మాత్రం ఈ పేర్లేవీ పనిచెయ్యవు. "అశోక మొక్క ఇవ్వన్నా" అంటేనే ఇస్తారు.

అసలు కథ అక్కడే మొదలైంది. అది అశోక కాదు.

ముందు దీని సొంత హిస్టరీ చూద్దాం. నరమామిడి పక్కా దక్షిణాది చెట్టు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. సైన్స్ పుస్తకాల్లోకి దీన్ని ఎక్కించింది పియర్ సొన్నెరా అనే ఫ్రెంచివాడు. మన దేశం, చైనా వైపు తిరిగిన తన ప్రయాణాల పుస్తకం 1782లో వచ్చింది. అందులో దీనికి ఉవేరియా లాంగిఫోలియా అని పేరు పెట్టాడు. లాంగిఫోలియా అంటే పొడుగాకులది అని. 1864లో సిలోన్ మొక్కల మీద పనిచేసిన థ్వైట్స్ దీన్ని పాలియాల్తియా అనే గుంపులోకి మార్చాడు. 2012లో, డీఎన్ఏ చూసి, మళ్ళీ మోనూన్‌లోకి మార్చారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, రీఫ్యాక్టరింగ్ చేసినప్పుడల్లా ఫోల్డర్ మారుతుంది, ఫైల్ అదే. ఆ లాంగిఫోలియా అనే ముక్క చూడండి, 1782 నుంచి ఇప్పటిదాకా చివర అట్లాగే అంటుకుని ఉంది.

ఇంగ్లీషులో దీన్ని మాస్ట్ ట్రీ అన్నారు. మాస్ట్ అంటే ఓడ మీద తెరచాప కట్టే కొయ్య. నిటారుగా, తేలిగ్గా, కాస్త వంగే గుణంతో ఉండే కాండం కాబట్టి ఓడలకి వాడారని చెప్తారు. మీ అపార్ట్‌మెంట్‌లో కనిపించే సన్నటి రకం దీని అలంకారపు రూపం, పెండ్యులా అంటారు. మామూలు నరమామిడి కొమ్మలు చాపుకుని, నీడనిచ్చే పెద్ద చెట్టుగా పెరుగుతుంది. రెండిటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే చాలామంది నమ్మరు.

ఇక ఫ్యామిలీ. ఇదే నాకు బాగా నచ్చిన భాగం. నరమామిడిది అన్నోనేసీ కుటుంబం, అంటే సీతాఫలం కుటుంబం. తెలంగాణ గుట్టల మీద బండల సందుల్లో ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే పెరిగే సీతాఫలం ఉంది కదా, దానికి ఇది దాయాది. నమ్మకపోతే మార్చి, ఏప్రిల్‌లో పువ్వు చూడండి. లేతాకుపచ్చ రంగులో, ఆకుల మధ్య కలిసిపోయి ఉంటుంది, ఆరు సన్నటి రేకులు నక్షత్రంలాగా. పూత రెండు మూడు వారాలే. పక్క నుంచి రోజూ నడిచే వాళ్ళు కూడా ఈ చెట్టు పూస్తుందని గమనించరు. తర్వాత గుత్తులుగా కాయలు, పండితే నల్లటి ఊదారంగు. కోకిలలకీ గబ్బిలాలకీ పండగ.

మరి అశోక ఎక్కడ్నుంచి వచ్చింది మధ్యలోకి?

అసలు అశోక వేరే కుటుంబం. చిక్కుడు, చింత, తంగేడు ఉన్న కుటుంబం. పేరు సరాకా అశోకా. పువ్వు చూస్తే ఇక అనుమానం ఉండదు. పసుపుతో మొదలై, నారింజకి వచ్చి, ఎర్రబడే పెద్ద పెద్ద గుత్తులు. కొమ్మల మీదే కాదు, ముదురు కాండం మీద కూడా పూస్తుంది. తమాషా ఏంటంటే దానికి పూరేకులే లేవు. మనం రేకులనుకునేవి రక్షక పత్రాలు.

ఈ పువ్వుకి మన సాహిత్యంలో ఉన్న హోదా మామూలుది కాదు. మన్మథుడి అయిదు బాణాల్లో అరవిందం తర్వాత చెప్పేది అశోకమే. కాళిదాసు మాళవికాగ్నిమిత్రం నాటకంలో కథ మలుపు తిరిగేది ఈ చెట్టు దగ్గరే. అందమైన స్త్రీ కాలితో తంతే గానీ అశోక పూయదని అప్పటి నమ్మకం, దోహదం అంటారు. రాజుగారి తోటలో ఒక అశోక ఎంతకీ పూయట్లేదు. తన్నాల్సింది పట్టపురాణి ధారిణి. కానీ ఆవిడ ఉయ్యాల మీద నుంచి పడి కాలికి దెబ్బ తగిలించుకుంది. దాంతో ఆ పని మాళవికకి అప్పజెప్పింది, అయిదు రాత్రుల్లో పూస్తే కోరింది ఇస్తానంది. కాళ్ళకి పారాణి పెట్టి, అందెలు తొడిగి పంపారు. రాజు చెట్ల చాటు నుంచి చూస్తున్నాడు. మిగతాది మీకు అర్థమైపోయే ఉంటుంది. ఇప్పుడు మీ కాంపౌండ్ వాల్ పక్కనున్న నరమామిడిని ఎవరైనా తన్నారనుకోండి, అది ఎర్రగా పూస్తే గానీ ఆ కథ నడవదు. లేతాకుపచ్చ పువ్వు కోసం అంత నాటకం ఎవరు రాస్తారు?

రామాయణంలోనూ అంతే. సుందరకాండలో అశోకవనం వర్ణన చదివితే, పూసిన అశోకలు నిప్పుల్లాగా వెలుగుతుంటాయి. ఇంకో చిన్న ముచ్చట, హనుమంతుడు ఎక్కి దాక్కుని సీతమ్మని చూసింది అశోక చెట్టు మీద నుంచి కాదు, శింశుపా వృక్షం మీద నుంచి. వాల్మీకి స్పష్టంగా చెప్పాడు. తోట పేరు అశోకవనం, చెట్టు శింశుప. మన క్యాలెండర్ బొమ్మల్లో ఈ తేడా ఎప్పుడో పోయింది.

ఇక బ్రిటిష్ వాళ్ళ కాలానికి వద్దాం, ఇక్కడ మన కోస్తాకి సంబంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. కాకినాడ పక్కన సామర్లకోటే. అక్కడ తోట వేసి, మిరియాలు, కాఫీ లాంటివి పెంచి చూస్తూ, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు, 300 బొమ్మలు. వాటిలో మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాడు. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్‌కి అశోక అంటే ప్రాణం. ఆయన 1794లో చనిపోయాడు. రాక్స్‌బర్గ్ అశోకకి ఆయన పేరు కలిపి జోనెసియా అశోకా అని పెట్టాడు. కానీ ఆ పేరు నిలవలేదు. లినేయస్ 1767లోనే సరాకా అనే పేరు పెట్టేసి ఉన్నాడు, ముందు పెట్టిన పేరుకే హక్కు. జోన్స్ పేరు పోయింది, సంస్కృతం నుంచి వచ్చిన అశోకా మిగిలింది. నాకైతే ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

అంటే 18వ శతాబ్దం చివరికే అసలు అశోక ఏదో కాగితం మీద తేలిపోయింది. అయినా వీధిలో పేరు నరమామిడికి అంటుకుంది. ఎందుకు? నా అంచనా చెప్తాను. అసలు అశోక లేతాకులు రాగి రంగులో, మెత్తగా, గుత్తులుగా కిందికి వేలాడతాయి, ఏదో వాడిపోయినట్టు. తర్వాత పచ్చబడి గట్టిపడతాయి. నరమామిడి లేతాకుల్లోనూ ఆ రాగి ఛాయ ఉంటుంది, అవీ వేలాడతాయి. అసలు చెట్టు చూడని వాడికి వర్ణన మాత్రమే తెలిస్తే, ఇది సరిపోయినట్టే ఉంటుంది. పైగా అసలుది మొండి చెట్టు కాదు. నీడ, తేమ కావాలి, మెల్లగా పెరుగుతుంది. నరమామిడి దుమ్ములో, ఎండలో, రెండడుగుల మట్టిలో నిలబడుతుంది. కళ్ళ ముందున్న చెట్టుకే పేరు దక్కింది. బెంగాల్‌లో ఇంకో చిత్రం, వాళ్ళు నరమామిడిని దేబ్‌దారు అంటారు. అసలు దేవదారు హిమాలయాల్లో ఉంటుంది! ఈ చెట్టు ఎక్కడికి వెళ్ళినా ఎవరిదో ఒకరి పేరు అరువు తెచ్చుకుంటుంది.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోకండి. వీపింగ్ విల్లో తెలుసు కదా, నీళ్ళ మీదికి వాలి ఉండే చెట్టు. దాని శాస్త్రీయ నామం సేలిక్స్ బాబిలోనికా. బైబిల్ 137వ కీర్తనలో యూదులు బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడుస్తూ తమ వాద్యాలు తగిలించిన చెట్లు ఇవే అనుకుని లినేయస్ ఆ పేరు పెట్టాడు. తెలుగు బైబిల్లో వాటిని నిరవంజి చెట్లు అన్నారు. తీరా చూస్తే ఆ విల్లో చైనా చెట్టు. బబులోను దగ్గరివి ఒక రకం పాప్లర్ చెట్లని పండితులు తేల్చారు. అక్కడ ఏడుపు కథ వల్ల ఏడ్చే చెట్టుకి తప్పు ఊరు దొరికింది. ఇక్కడ ఏడుస్తున్నట్టుండే చెట్టుకి శోకం లేనిది అని పేరు దొరికింది.

1998లో సైబర్ టవర్స్ ఓపెన్ అయ్యాక ఈ వైపంతా బిల్డింగులు లేస్తుంటే, బండ నేల, ఇరుకు సెట్‌బ్యాక్, దుమ్ము, అన్నిటికీ సరిపోయిన చెట్టు ఇదే. ఆకు పెద్దగా రాల్చదు, గోడ లాగా అడ్డం ఉంటుంది. బిల్డర్‌ని తప్పు పట్టలేం. నేనైతే నీడ లేని చెట్టు నాటి గ్రీనరీ అని బ్రోచర్‌లో వేసుకోవడం కొంచెం టూ మచ్ అంటాను, అది వేరే ఎపిసోడ్.

ఇప్పుడు అత్తమ్మ గారి ప్రశ్న. ఆవిడ చెప్పింది గాలి మాట కాదు. అశోక బెరడు ఆయుర్వేదంలో ఆడవాళ్ళ అధిక రక్తస్రావానికి వాడే మందు, అశోకారిష్టం దాంతోనే చేస్తారు. కానీ ప్రభుత్వ ఆయుర్వేద ఫార్మకోపియాలో అశోక అంటే సరాకా అశోకా బెరడు, అంతే. నరమామిడి బెరడు అందులో కల్తీగా కలుస్తుందన్నది ఎప్పట్నుంచో తెలిసిన విషయం. డీఎన్ఏ బార్‌కోడింగ్‌తో మార్కెట్ శాంపిల్స్ పరీక్షించిన వాళ్ళకి కూడా అశోక పేరుతో వేరే చెట్ల బెరడు దొరికింది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. బెరడు కోసం ఒలిచి ఒలిచి అసలు చెట్టు అడవుల్లో తగ్గిపోయింది, ఐయూసీఎన్ దాన్ని ముప్పు అంచున ఉన్న జాతుల్లో పెట్టింది. నరమామిడి వీధికో వంద. పేరు కూడా అదే. కల్తీ చేసేవాడికి అబద్ధం ఆడే పని కూడా లేదు, ఊరంతా ముందే ఒప్పుకుంది కదా అది అశోక అని.

కాబట్టి మేడమ్, ఆ చెట్టు బెరడు గీయకండి, కాచకండి. రెండిట్లో ఉండే రసాయనాలు వేరు. అత్తమ్మతో గొడవ కూడా పెట్టుకోవద్దు, ఆవిడ చెప్పిన మందు పేరు కరెక్టే, చెట్టే వేరు. బ్లీడింగ్ ఎక్కువగా ఉంటే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, దానికి కారణాలు చాలా ఉంటాయి, రక్తం తగ్గిపోయేదాకా ఆగకూడదు.

గుర్తుపట్టడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. ఒక ఆకు తీసుకోండి. కాడకి ఒకటే ఆకు, అంచు అలలుగా ఉంటే నరమామిడి. ఒక ఈనెకి అటూ ఇటూ నాలుగైదు జతల చిన్నాకులు ఉంటే, అంచులు నున్నగా ఉంటే, అశోక అయ్యే అవకాశం ఉంది. కాయ గుండ్రటి గుత్తి అయితే నరమామిడి, చిక్కుడులా చదునైన కాయ అయితే అశోక. వేలాడేవన్నీ నరమామిడి కూడా కాదండోయ్. తుంపితే పాలు కారితే అది వీపింగ్ ఫిగ్, మర్రి జాతి. సన్నటి ఆకులు, సీసాలు కడిగే బ్రష్‌లాంటి ఎర్ర పువ్వులు ఉంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బాటిల్ బ్రష్.

అసలుది నాటాలనుకుంటే నర్సరీలో "సీత అశోక" అని అడగండి, ఆ పేరుతోనే తెలుస్తుంది. ఇచ్చింది అదేనా కాదా ఆకు చూసి తీసుకోండి. ఎండ నెత్తిన పడే చోట కాకుండా, బిల్డింగ్ నీడ సగం పూట పడే చోట, వేసవిలో నీళ్ళు పట్టేలా పెట్టండి. మొదటి కొన్నేళ్ళు పువ్వుండదు. లేతాకులు రాగి రంగులో వాడిపోయినట్టు వేలాడితే చచ్చిపోయిందని పీకేయకండి, దాని తీరే అంత.