డిజిటల్ ట్విన్ అంటే ఏంటి? కంప్యూటర్‌లో ఉన్న ఫ్యాక్టరీతో అసలు ఫ్యాక్టరీకి లాభమేంటి?

హంగేరీలోని డెబ్రెసెన్ ప్లాంట్‌లో ఉత్పత్తి మొదలైందని జర్మనీ కార్ల కంపెనీ బీఎండబ్ల్యూ 2023 మార్చిలో ప్రకటించింది. విచిత్రం ఏంటంటే.. అప్పటికి అక్కడ ప్లాంట్ కట్టడమే పూర్తి కాలేదు. ఉత్పత్తి మొదలైంది కంప్యూటర్‌లో! ఎన్విడియా ఆమ్నివర్స్ అనే ప్లాట్‌ఫామ్ మీద రోబోలు, కన్వేయర్లు, కార్మికులు నిలబడే చోట్లు అన్నీ యథాతథంగా కట్టి, లైన్ నడిపి చూశారు. నిజమైన కార్లు బయటికి రావడం 2025 చివర్లో మొదలైంది.

ఇదేమైనా పబ్లిసిటీ స్టంటా? కొంత ఉంది, కాదనలేం. కానీ దీని వెనక గట్టి లెక్క కూడా ఉంది. ఒక రోబో చెయ్యి తిరిగేటప్పుడు పక్కనున్న స్తంభానికి తగులుతుందని స్క్రీన్ మీద తెలిస్తే మౌస్‌తో జరిపేయొచ్చు. అదే కాంక్రీట్ పోశాక తెలిస్తే..? పగలగొట్టాలి, మళ్లీ కట్టాలి, అన్నాళ్లూ లైన్ ఆగాలి. ఈ పద్ధతితో ప్లానింగ్ పని 30 శాతం వరకు మెరుగవుతుందన్నది కంపెనీ చెప్పిన మాట.

3డీ బొమ్మకీ ట్విన్‌కీ తేడా ఏంటి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. గోడకు తగిలించిన రోడ్ మ్యాప్‌నీ, ఫోన్‌లో ట్రాఫిక్ చూపించే మ్యాప్‌నీ పక్కపక్కన ఊహించుకోండి. రోడ్లు రెండింటిలోనూ ఉంటాయి. కానీ ఇప్పుడు ఎక్కడ జామ్ అయిందో చెప్పేది రెండోది మాత్రమే. డిజిటల్ ట్విన్ అలాంటిదే. అసలు మెషీన్‌కు పెట్టిన సెన్సార్ల నుంచి టెంపరేచర్, ప్రెషర్, వైబ్రేషన్ లాంటి రీడింగులు కంప్యూటర్‌లోని మోడల్‌కు వస్తూనే ఉంటాయి. అక్కడ వేడెక్కితే ఇక్కడా వేడెక్కుతుంది. డేటా ఇలా ఒకవైపే వస్తే దాన్ని డిజిటల్ షాడో అంటారు. మోడల్ నుంచి కూడా తిరిగి మెషీన్‌కు ఆదేశాలు వెళ్తేనే అసలైన ట్విన్. బ్రోచర్లలో ఈ తేడా పెద్దగా కనిపించదు, మామూలు 3డీ వీడియోకి కూడా ట్విన్ అని పేరు పెట్టేస్తున్నారు.

ఈ ఆలోచనను 2002లో అమెరికా ప్రొఫెసర్ మైకేల్ గ్రీవ్స్ ముందుకు తెచ్చారు. ‘డిజిటల్ ట్విన్’ అనే పేరు నాసాకు చెందిన జాన్ వికర్స్ పెట్టింది.

దీని మూలాలు అపోలో 13లో ఉన్నాయని చాలామంది చెబుతారు. 1970 ఏప్రిల్‌లో భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఆ నౌక ఆక్సిజన్ ట్యాంక్ పేలింది. కరెంటు ఆదా చేయడానికి కమాండ్ మాడ్యూల్‌ను ఆపేయాల్సి వచ్చింది. మిగిలిన కాస్త బ్యాటరీతో దాన్ని మళ్లీ ఆన్ చేయాలంటే ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ వేయాలి? నౌకలో ప్రయోగాలు చేసే వీల్లేదు. ఆ వరసను భూమ్మీద ఉన్న సిమ్యులేటర్‌లో పరీక్షించారు. రుబెల్లా భయంతో చివర్లో ఈ యాత్ర నుంచి తప్పించిన కెన్ మాటింగ్లీయే ఆ పనిలో కీలకం. ముగ్గురూ క్షేమంగా తిరిగొచ్చారు. అప్పటి సిమ్యులేటర్లకు నౌక నుంచి లైవ్ డేటా నేరుగా ఎక్కేది కాదు, ఇంజనీర్లే చూసి సరిచేసేవారు. ఇప్పుడు ఆ పని సెన్సార్లు చేస్తున్నాయి.

ఎక్కడ పనికొస్తుంది?

ఎక్కువ డబ్బు మిగిలేది మెయింటెనెన్స్‌లో. పంపు బేరింగ్ ఒక్కసారిగా పోదు, ముందు వైబ్రేషన్ మారుతుంది. ఇదే లోడ్‌తో నడిస్తే ఎన్నాళ్లు లాగుతుందో మోడల్ లెక్కగడుతుంది. నైట్ షిఫ్ట్‌లో అకస్మాత్తుగా ఆగిపోయే బదులు ఆదివారం చూసుకుని మార్చేయొచ్చు. ఇంకోటి వర్చువల్ కమిషనింగ్. మెషీన్లను నడిపే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ను ముందు నకలు మెషీన్ మీద నడిపి చూస్తారు. ప్రోగ్రామ్‌లో తప్పుంటే గుద్దుకునేది బొమ్మ, లక్షల రూపాయల మెషీన్ కాదు. సింగపూర్ అయితే ఏకంగా నగరం మొత్తానికి 3డీ మోడల్ చేయించుకుంది. మన దగ్గర కేంద్ర టెలికాం శాఖ 2024 ఫిబ్రవరిలో ‘సంగమ్: డిజిటల్ ట్విన్’ కార్యక్రమం మొదలుపెట్టింది.

సెన్సార్ లేని చోట ట్విన్‌కు కళ్లుండవు

తెలుగువాళ్లకు ఈ పాయింట్ అర్థం కావాలంటే విశాఖ చాలు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తి చూపిన లోపాల్లో ఒకటి.. ఆ ట్యాంక్‌లో టెంపరేచర్ కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది, మధ్యలో, పైన లేదు. పైభాగం వేడెక్కుతున్నా కింద రీడింగ్‌లో అది కనిపించలేదు.

అలాంటి ట్యాంక్‌కు ఎంత ఖరీదైన ట్విన్ పెట్టినా, అందే రీడింగ్ అదొక్కటే అయితే స్క్రీన్ మీద అంతా చల్లగానే కనిపించే ప్రమాదం ఉంది. మంచి మోడల్ అయితే ఎండను, కూలింగ్ ఆపిన గంటలను లెక్కేసి పైన ఎంత వేడి ఉండొచ్చో అంచనా వేస్తుంది. కానీ ఆ అంచనా నిజమో కాదో చూసుకోవడానికైనా పైన ఒక సెన్సార్ కావాల్సిందే. అందుకే సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఎక్కడెక్కడ ఏం కొలుస్తున్నామో ఒక లిస్ట్ రాసుకోవడం మంచిది. ఆ లిస్ట్‌కు పైసా ఖర్చు లేదు.

రెండో ప్రమాదం హ్యాకింగ్. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్‌లో సెంట్రిఫ్యూజ్‌లను పాడుచేస్తూనే, ఆపరేటర్లకు మాత్రం అంతా నార్మల్ అన్నట్లు పాత రీడింగులు చూపించింది. మోడల్ నుంచి మెషీన్‌కు దారి తెరిచారంటే.. దొంగకు కూడా ఒక దారి తెరిచినట్లే. అందుకే చాలా ప్లాంట్లలో ట్విన్ సలహా ఇవ్వడం వరకే, వాల్వ్ తిప్పాలా వద్దా అన్నది మనిషి చేతిలోనే ఉంచుతారు.

చిన్న యూనిట్ల సంగతేంటి?

రైస్ మిల్లుకో, స్పిన్నింగ్ మిల్లుకో ఆమ్నివర్స్ అక్కర్లేదు. ముఖ్యమైన మోటార్‌కు వైబ్రేషన్, టెంపరేచర్ సెన్సార్ పెట్టి, తేడా వస్తే ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా చేసుకోవచ్చు. దీన్ని ట్విన్ అనలేం, కానీ మొదటి మెట్టు ఇదే. ఆరు నెలల రీడింగులు చేతిలో ఉంటే ఆ పైన మోడల్ కట్టడం తేలిక. ఇక ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునే బీటెక్ కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక మాట. గేమ్ ఇంజిన్ ఒక్కటే నేర్చుకుంటే బొమ్మ వస్తుంది. పీఎల్‌సీ, సెన్సార్లు, కాస్త పైథాన్, వీటికి తోడు సెకండ్ ఇయర్‌లో ఎలాగోలా పాసైపోయిన థర్మోడైనమిక్స్.. ఇవన్నీ తెలిసినవాళ్లే ఆ బొమ్మను మెషీన్‌కు కలపగలరు.