అరకు మన్యంలో గిరిజన మహిళల హక్కులు, జీవనోపాధి: చరిత్ర

అరకు లోయ, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల మన్యం పూర్వం విశాఖపట్నం జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. భగత, వాల్మీకి, కొండదొర, కోందు, పోర్జా, గదబ, కోటియా, నూకదొర మొదలైన తెగలు ఇక్కడ నివసిస్తున్నాయి. ఈ మన్యంలో మహిళల హక్కుల చరిత్ర చాలావరకు భూమి చరిత్రే. సేద్యంలో, అడవి ఫలసాయం సేకరణలో, సంతలో అమ్మకంలో స్త్రీలు మొదటినుంచీ ముందున్నారు. భూమి కాగితాల్లో వాళ్లకు హక్కుగా చోటు దొరకడం మాత్రం 21వ శతాబ్దంలోనే మొదలైంది.

పోడు, సంత, ఓలి

పోడు వ్యవసాయంలో చెట్లు కొట్టి కాల్చడం మగవాళ్ల పని. విత్తడం, కలుపు తీయడం, కోయడం, దంచడం ఆడవాళ్ల పని. చోళ్లు, సామలు, వలిసెలు ఇలా పండినవే. చింతపండు, ఉసిరికాయలు, అడ్డాకులు, కొండచీపుళ్లు సేకరించి, నెత్తిన మోసుకుంటూ వారపు సంతకు తెచ్చేదీ ఎక్కువగా వాళ్లే. సంతలో షావుకారు ఉప్పు, ఎండుచేపలు ఇచ్చి చింతపండు తీసుకునేవాడు. తూకం అతనిదే, ధరా అతనిదే.

పెళ్లిలో ఓలి, అంటే వధువు ఇంటివారికి ఇచ్చే సొమ్ము, వరుడి వైపు నుంచి వస్తుంది. కట్నం ఇక్కడి సంప్రదాయం కాదు. భర్తతో పొసగని స్త్రీ విడిపోవడానికి, భర్త పోయిన స్త్రీ మారుమనువు చేసుకోవడానికి కుల పెద్దల సమక్షంలో దారి ఉంది. 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు మైదానం అట్టుడికిపోయింది. కొండల్లో అది వివాదమే కాదు. అలాగని ఈ సమాజం స్త్రీపురుష సమానత్వానికి నమూనా అనడం పొరపాటు. చాలా తెగల్లో ఆచారం ప్రకారం భూమి కొడుకులకే పోతుంది. తగవులు తీర్చే పెద్దలు మగవాళ్లే. భర్త పోతే అతని భూమి మీద బతికే వీలు ఉంటుంది కానీ, దాన్ని తనదని చెప్పుకునే హక్కు దొరకడం కష్టం.

భూబదలాయింపు చట్టాలు

1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వ ఆస్తిగా చేసి పోడును కట్టడి చేసింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన తిరుగుబాటుకు ఈ ఆంక్షలు ఒక ముఖ్య కారణం. ఆ పోరాటంలో మగవాళ్లనే చరిత్ర గుర్తుపెట్టుకుంది. కట్టెలకు, దుంపలకు, ఆకులకు రోజూ అడవికి పోయే స్త్రీలకు ఆ ఆంక్షలు ఎంత భారమయ్యాయో చెప్పే రాతలు తక్కువ.

గిరిజన భూములు పరుల పాలు కాకుండా 1917లో తొలి చట్టం, 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చాయి. 1970లో చేసిన సవరణ, అంటే మన్యంలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు తప్ప మరెవరికీ బదిలీ కాకూడదని తేల్చి చెప్పింది. తెగను కాపాడిన ఈ చట్టంలో కుటుంబం లోపలి హక్కుల ఊసు లేదు. పైగా దాన్ని దాటడానికి గిరిజనేతరులు కొందరు గిరిజన స్త్రీని పెళ్లాడో, చేరదీసో ఆమె పేరిట భూమి కొన్నారు. పత్రంలో పేరు ఆమెది, పెత్తనం అతనిది. పేరు ఒక్కటే ఉంటే హక్కు ఉన్నట్టు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

షావుకారు పట్టు సడలించడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటవీ ఫలసాయం కొనడం, నిత్యావసరాలు అమ్మడం దాని పని. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారంపై నియంత్రణ కూడా వచ్చింది. సంతలో తన సరుకుకు ఇంకో కొనుగోలుదారు ఉన్నాడని తెలియడం స్త్రీలకు దక్కిన మొదటి బేరమాడే శక్తి.

కాఫీ

పోడుకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం ప్రోత్సహించిన కాఫీ మన్యం రూపం మార్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, చెట్లకు పాకించిన మిరియాలు ఇప్పుడు ఇంటింటి పంట. మన్యంలో కాఫీ విస్తీర్ణం రెండు లక్షల ఎకరాలు దాటింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే పండ్ల కోతలో స్త్రీల చేతులే ఎక్కువ. పచ్చికాయ కలిస్తే కాఫీ రుచి చెడుతుంది కాబట్టి, ఎర్రగా పండినవాటినే విడతలవారీగా ఏరాలి. నాణ్యత అంతా ఆ ఏరివేతలో ఉంది. అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లో ఇదే పని కూలికి చేసిన కుటుంబాలు ఎన్నో.

2000 దశకంలో నాంది ఫౌండేషన్ చొరవతో చిన్న రైతుల సహకార సంఘం ఏర్పడింది. పండ్లను రైతు దగ్గరే కొని ఒకచోట శుద్ధి చేసే పద్ధతి వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. కీర్తి పెరిగిన మాట నిజం. అయితే తోట ఎవరి పేరిట ఉంటే పంట సొమ్ము, రుణం, రాయితీ వారి ఖాతాకే చేరతాయి. ఏరిన చేతికి ఎంత వచ్చిందన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

కాఫీ పుట్టిల్లయిన ఇథియోపియాలో ఇదే చిక్కుకు ఒక జవాబు దొరికింది. అక్కడి అమ్హారా రాష్ట్రంలో భూమి ధ్రువపత్రంపై భార్యాభర్తలిద్దరి పేర్లూ, ఫొటోలూ ఉంటాయి.

సంఘాలు, కొలువులు, పదవులు

1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా, 2000 తర్వాత వచ్చిన వెలుగు పథకం మన్యంలో పొదుపు సంఘాలను పెంచాయి. బ్యాంకు రుణానికి సంతకం పెట్టడం చాలామందికి సంఘంతోనే మొదలైంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే కేటాయించి, అందులో మూడో వంతు మహిళలకు ఇచ్చింది. నెలజీతం వచ్చే ఆడపిల్లలు పల్లెల్లో కనబడటానికి అది బాగా తోడ్పడింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు.

అరకు లోక్‌సభ స్థానంలో 2014 నుంచి వరుసగా మహిళలే గెలిచారు: కొత్తపల్లి గీత, గొడ్డేటి మాధవి, గుమ్మా తనూజారాణి. మరోపక్క, రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే పరిస్థితి ఇంకా పోలేదు.

గనులు, కోర్టులు

అనంతగిరి మండలంలో గిరిజనేతర సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో అలాంటి లీజులు చెల్లవని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన బాక్సైట్ ప్రతిపాదనలను అడ్డుకున్న ఉద్యమంలో మహిళలు ముందు వరుసలో నిలిచారు. 2019లో బాక్సైట్ లీజులు రద్దయ్యాయి.

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో, మావోయిస్టుల కోసం కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. విచారణ జరగాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించింది. దాదాపు పదహారేళ్లు కోర్టు మెట్లెక్కి, వెలివేతను కూడా భరించిన ఆ స్త్రీల పట్టుదలకు ఈ చరిత్రలో పెద్ద స్థానం ఉంది.

పట్టాలో పేరు, వారసత్వం

2006 అటవీ హక్కుల చట్టం 4(4) సెక్షన్ ప్రకారం, పెళ్లయినవారికి ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలి. ఒంటరి మహిళ ఇంటిపెద్ద అయితే ఆమె పేరిటే ఇవ్వాలి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు మహిళలు ఉండాలి. హక్కులు తేల్చే గ్రామసభకు హాజరైనవారిలోనూ కనీసం మూడో వంతు మహిళలే ఉండాలని 2012 సవరణ చెబుతోంది. మన్యంలో స్త్రీ పేరును భూమి కాగితం మీదికి తెచ్చిన మొట్టమొదటి గట్టి చట్టం ఇదే.

వారసత్వం సంగతి వేరు. 1956 హిందూ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదని అందులోని 2(2) సెక్షన్ చెబుతుంది. తెలుగు ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన ఎన్టీఆర్ నాటి సవరణ కూడా అందుకే కొండ ఎక్కలేదు. ఈ మినహాయింపుపై ఆలోచించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో 2025 జులై 17న ఇంకో అడుగు వేసింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు వాళ్లకూ సమాన వాటా ఉంటుందని తీర్పు ఇచ్చింది.

గిరిజన తండ్రి తన కూతురికి, భర్త తన గిరిజన భార్యకు భూమి రాసివ్వడానికి 1/70 చట్టం అడ్డురాదు. వారసత్వ చట్టంలోని మినహాయింపును పార్లమెంటు సరిదిద్దేదాకా ఆగకుండా, అలా రాసివ్వడాన్ని మన్యం గ్రామసభలు ఇప్పుడే ప్రోత్సహించడం మొదలుపెట్టాలి.