శనివారపు కార్టూనులు - పెద్దల కత్తెర

అమెరికా దేశమున టెలివిజన్ సంస్థలకు శనివారపు ప్రాతఃకాలము చిరకాలము ఫలము లేని వేళగనే తోచెను. పెద్దలు పడక విడువని ఆ సమయమున పెట్టె ముందు కూర్చుండువారు బాలురు మాత్రమే గదా. అయితే ఆటబొమ్మలవారును, చక్కెర పూసిన సీరియళ్లు అమ్మువారును వెదకుచున్న గిరాకీ అచ్చటనే ఉన్నదన్న సంగతి స్పష్టము కాగా, సీబీఎస్ సంస్థలో పగటి కార్యక్రమములు చూచుచుండిన ఫ్రెడ్ సిల్వర్‌మన్ 1966లో సూపర్‌మ్యాన్, స్పేస్ ఘోస్ట్ మొదలగు మహాబలుల యుద్ధకథలతో ఆ పూటను నింపెను. అది మొదలు ఆ పూట కార్టూనులదయ్యెను, కార్టూనులు వర్తకులవయ్యెను.

1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగ్, జూనులో రాబర్ట్ కెనెడీ హత్యకు గురికాగా, తమ జాతిలో హింస ఎచ్చట పుట్టుచున్నదని దేశమెల్ల కలవరపడి వెదకుచుండిన వేళ, బాలుర బొమ్మల మీదను దృష్టి పడెను. దానితో మహాబలులు ఒక్కరొక్కరే నిష్క్రమించిరి. 1969 సెప్టెంబరు 13న వచ్చిన స్కూబీ-డూ కథలలో కుక్కయు, నలుగురు పిల్లలును దయ్యమును చూచి పరుగెత్తుటయే గాని పోరాటము లేదు. తుదకు దయ్యము ముసుగు వేసికొన్న మనుష్యుడే యని తేలును.

ఆ 1968లోనే మాసచూసెట్స్ రాష్ట్రపు న్యూటన్ పట్టణమున పెగ్గీ చారెన్ అను గృహిణి కొందఱు తల్లులను కూడగట్టి 'యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్' అను సంఘమును స్థాపించెను. ఈమె కార్టూనులకు కత్తెర వేయింపవచ్చినదని పలువురు తలచిరి గాని అది పొరపాటు. ఆమె సెన్సారుకు బద్ధవిరోధి. 1970లో ఆ సంఘము ప్రభుత్వపు ప్రసార కమిషనును కోరినది, బాలుర కార్యక్రమములలో ప్రకటనలే ఉండరాదని. మందుల కంపెనీలు మిఠాయిల వలె విటమిను బిళ్లలను బాలురకు చూపి అమ్ముచుండిన దినములవి. 1972లో ఆ ప్రకటనలు ఆగినవి. ప్రసారకుల స్వీయనియమావళి ననుసరించి వారాంతమున గంటకు 16 నిమిషముల వఱకు ఉండిన ప్రకటనలు మొదట 12కును, 1976 నాటికి తొమ్మిదిన్నరకును తగ్గెను. పూర్తి నిషేధము మాత్రము రాలేదు.

ప్రకటనను తగ్గించినచో రాబడి తగ్గును. బొమ్మను కత్తిరించినచో ఖర్చు లేదు, పైగా కీర్తి. ఆ పిమ్మటి చరిత్రమంతయు ఈ లెక్కలోనే ఉన్నదని నా అభిప్రాయము. ప్రతి సంస్థలోను కార్యక్రమముల మంచిచెడ్డలు తూచు శాఖ యొకటి ఉండి, సినిమాశాలలలో పెద్దలు పిన్నలు కూడి నవ్వుకొనుటకై ఏనాడో తీసిన లూనీ ట్యూన్స్ చిత్రములలో తుపాకి మ్రోతలను, కొండ మీది పాటులను తొలగించెను. 1973లో సూపర్ ఫ్రెండ్స్ అను పేర మహాబలులు తిరిగివచ్చిరి గాని ఎవరిని పిడికిటితో పొడువరాదు. 1975లో టామ్, జెర్రీలను మిత్రులను చేసి, ఎలుక మెడకు బో-టై కట్టి పంపిరి. కారము లేని ఆవకాయను మెచ్చుకొనువారెవరో వారే దానిని మెచ్చుకొనవలెను. కత్తెరలన్నియు వ్యర్థములని నేననను. నల్లజాతివారిని హేయముగ చిత్రించిన పదునొకండు పాత కార్టూనులను యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ 1968లో ప్రసారమునుండి తప్పించుట న్యాయమే.

కత్తెర కంటె సూక్ష్మమైనది సలహా. 1983లో సీబీఎస్‌లో మొదలైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను ధారావాహికను రూపొందించినవారిలో నొకడైన మార్క్ ఎవానియర్ వ్రాసిన దానినిబట్టి చూడగా, ఆ కథలోని ఎరిక్ అను బాలుడు ఎల్లప్పుడు సణుగుటయు, ప్రతిపర్యాయము అతడే తప్పని తేలుటయు రచయితల కల్పన గాదు. గుంపు చెప్పినదే సరి, ఎదురాడువాడు తప్పు అన్న బుద్ధి బాలురకు గరపవలెనని బయటి హితైషులు పట్టుపట్టుటచే జరిగినది. స్వతంత్రబుద్ధిని శిక్షించు ఈ పాఠము పిడికిలిపోటు కంటె మేలైనదెట్లో నాకు బోధపడదు. 1988లో డోనాల్డ్ వైల్డ్‌మన్ అను మతబోధకుడు, మైటీ మౌస్ అను కార్టూను ఎలుక నలిగిన పూవును వాసన చూచుటను కొకెయిన్ పీల్చుటగా నిందింపగా, సంస్థవారు ఆ నిందను త్రోసిపుచ్చియు మూడున్నర సెకండ్ల బొమ్మను తీసివేసిరి.

వర్తకుని జోలికి పోయినవారికి ఇంతటి మన్నన దొరకలేదు. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బాలుర ప్రకటనలను నిషేధింప సంకల్పింపగా, 1980లో కాంగ్రెసే దాని చేతులు కట్టివేసెను. 1981లో ప్రసార కమిషనుకు అధ్యక్షుడైన మార్క్ ఫౌలర్, టెలివిజన్ బొమ్మలు చూపెడి టోస్టర్ వంటిదని తేల్చినవాడు. 1984లో ప్రకటనల పరిమితులు తొలగినవి. అంతకు ముందేడే మాటెల్ కంపెనీ బొమ్మకు కథ యల్లి, వారపు సాయంకాలములకై తెచ్చిన హీ-మ్యాన్ ఖడ్గధారి యయ్యు దానితో ఎవరిని నరకరాదు. ఆ ఖడ్గమును దుకాణమున కొనవచ్చును.

కేబుల్ ప్రసారములు పెరుగుటచే ఆ శనివారపు పూట క్రమముగ క్షీణించెను: 1992లో ఎన్‌బీసీ, 2014 సెప్టెంబరు 27న కట్టకడపట సీడబ్ల్యూ సంస్థయు శనివారపు కార్టూనులను చాలించినవి. చారెన్ రెండు దశాబ్దముల పోరాటమునకు ఫలముగ 1990లో వచ్చిన బాలుర టెలివిజన్ చట్టము వారాంతమున గంటకు పదిన్నర నిమిషముల ప్రకటనల కనుమతించుచున్నది. ఇది 1976లో ప్రసారకులు తమంతట తాము ఒప్పుకొన్న దానికంటె ఒక నిమిషము ఎక్కువ.