నక్షత్రముల ఎడము: నిజామియా వేధశాల కొలతలు

తిరుపతి పట్టణమునకు ఉత్తరమున కొండ అడ్డు. దక్షిణాకాశమునకు ఆ బాధ లేదు. ఏప్రిల్ నడుమ రాత్రి పదకొండు గంటల ప్రాంతమున అటు చూచినచో సగము ఆకాశము కంటె కొంత పైగా హస్తానక్షత్రము కనబడును. హస్త యనగా చేయి. అందలి అయిదు చుక్కలను అయిదు వ్రేళ్ళుగా మనవారు భావించిరి. వానిలో పైనున్న రెంటికి గామా, డెల్టా అని పాశ్చాత్యులిచ్చిన గుర్తులు.

చిత్తూరు కళాశాల విద్యార్థి యొకడు నేడు స్టెలేరియమ్ వంటి ఖగోళ సాఫ్ట్‌వేరును తెరచి, కోణమును కొలచు సాధనముతో గామా నుండి డెల్టాకు గీత లాగినచో మూడున్నర డిగ్రీలని వచ్చును. ఇది మన కంటివద్ద ఏర్పడు కోణమేగాని నిజమైన దూరము కాదు. డెల్టా మనకు సుమారు 87 కాంతి సంవత్సరముల దూరమున, గామా సుమారు 154 కాంతి సంవత్సరముల దూరమున ఉన్నవి. రెండు భుజములు, నడిమి కోణము తెలిసినవి గనుక మూడవ భుజమును గణింపవచ్చును: రమారమి 67 కాంతి సంవత్సరములు. తెరపై ప్రక్కప్రక్కనున్నవి లోతున అంత ఎడముగా నున్నవి!

కోణమును గణించుటకు ప్రతి నక్షత్రపు విషువాంశయు, క్రాంతియు కావలెను. అవి కంప్యూటరు కనిపెట్టినవి కావు; ఎవరో కొలచి పట్టికలలో వ్రాసియుంచినవి. ఆ పనిలో హైదరాబాదునకు గొప్ప పాలు కలదు.

1887లో పారిసున సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమంతటికిని ఛాయాచిత్రములు తీసి, సుమారు 11వ తరగతి వరకుగల నక్షత్రముల స్థానములను కొలువ నిశ్చయించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి వేధశాలలకు పంచిరి. దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకుగల పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగోకు దక్కెనుగాని అక్కడ పని సాగలేదు. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వము చేపట్టెను. ఆ పట్టీ దీనికి వచ్చెను. మన గామా ఇందులోనిదే. డెల్టా అర డిగ్రీలో తప్పిపోయినది.

ఫోటో తీయుట సులభము, కొలచుటయే కష్టము. గాజుఫలకముపై 5 మిల్లీమీటర్ల గళ్ళు ముందుగా అచ్చొత్తబడియుండును. ఒక్కొక్క ఫలకము రెండు డిగ్రీల చదరమును పట్టును. ఒక మిల్లీమీటరు ఒక కళకు సమానము. సూక్ష్మదర్శినిలో కన్నుంచి ప్రతి చుక్కయు తన గడిలో ఎటు ఎంత దూరమున నున్నదో చదివి వ్రాసికొనవలెను. ఒక వికళ యనగా మిల్లీమీటరులో 60వ వంతు, వెంట్రుక మందముకన్నను చాల తక్కువ. 1914లో మొదలైన ఈ చిత్రణము 1929 వరకు సాగెను. 1918లో టి. పి. భాస్కరన్ అధ్యక్షుడై 1944 వరకు నడపెను. ఉత్తర క్రాంతి 36 నుండి 39 వరకుగల భాగమును కూడ ఈ వేధశాలయే పూర్తిచేసెను. కొలచిన నక్షత్రములు మొత్తము 7,63,542, సంపుటములు 12.

ఇంతచేసియు చాలకాలము వీనిని వాడినవారు తక్కువ. సంపుటములలో నున్నవి ఫలకముపై అడ్డు, నిలువు కొలతలే. వానిని క్రాంతి, విషువాంశలుగా మార్చుకొనుట చదువరి పని. ఇతరులు నక్షత్రముల వర్ణపటములను శోధించుచుండగా ఇన్ని వేధశాలలు లెక్కలలో మునిగినవని విమర్శ వచ్చెను. ఆ విమర్శ నిరాధారమని చెప్పజాలము.

అయితే 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహము 1993 వరకే పనిచేసెను. ఏటికి వికళలో నూరవ వంతు కదలు చుక్క ఆ కొద్ది యేండ్లలో మిక్కిలి స్వల్పముగనే కదలును. డెబ్బదియైదేండ్లకు ముక్కాలు వికళ జరుగును. అందుచే పాత ఫలకముల కొలతలను అమెరికా నౌకాదళ వేధశాల మరల గణించెను. వానిని ఉపగ్రహపు కొలతలతో జోడింపగా 2000లో టైకో-2 పట్టిక వెలువడెను. 25 లక్షల నక్షత్రముల నడక అందు కలదు. స్టెలేరియమ్ దీనినే చాలకాలము వాడెను. 2014 నుండి 2025 వరకు పరిశీలించిన గయా ఉపగ్రహపు కొలతలు వీనిని మించినవి.

గామా ఏటికి సుమారు 0.16 వికళ కదలును. 1914 నుండి నేటికి ఆ ఫలకపు కొలబద్దపై అది మిల్లీమీటరులో మూడవ వంతునకు కొంచెము తక్కువ.